బాణానికి అటూ ఇటూ కాస్త చోటు

ఇఫ్ (ఉష్ణోగ్రత<-20)

మైనస్ ఇరవై డిగ్రీల కన్నా చల్లగా ఉండాల్సిన ఫ్రీజర్ ఒకటుంది. అది అంత చల్లగా ఉందో లేదో చూడమని ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో ఎవరో ఈ వరస రాశారనుకుందాం. రాసినవారి మనసులో ఉన్నది ప్రశ్న: ఉష్ణోగ్రత మైనస్ 20 కన్నా తక్కువేనా? ఆర్‌కు వినిపించేది ఆజ్ఞ: ఉష్ణోగ్రత అన్న పేరులో 20 పెట్టు. ఈ భాషలో ‘<’ పక్కనే ‘-’ తగిలితే రెండూ కలిసి ఎడమవైపు చూసే బాణమవుతాయి. బాణమంటే కుడివైపున్న విలువను ఎడమవైపున్న పేరులో పెట్టడం. పెట్టిన 20 సున్నా కాదు కాబట్టి ‘ఇఫ్’ దాన్ని ‘అవును’ కింద జమకడుతుంది. ఎర్రక్షరాలు రావు, హెచ్చరిక రాదు. ఫ్రీజర్ కరెంటు పోయి గంటలైనా రిపోర్టులో అంతా సవ్యంగానే ఉంటుంది. పైపెచ్చు అసలు కొలత చెరిగిపోయి దాని చోట 20 కూర్చుంటుంది.

ఈ రోగానికి మందు ఒక్క స్పేస్. ‘ఉష్ణోగ్రత < -20’ అని విడదీసి రాస్తే ప్రశ్న. ‘ఉష్ణోగ్రత <- 20’ అని రాస్తే ఆజ్ఞ. ఆర్ కోడ్ రాసేవారికి బాగా తెలిసిన టైడీవర్స్ స్టైల్ గైడ్‌లో, ఇలాంటి గుర్తులకు అటూ ఇటూ ఖాళీ వదలాలన్న నియమం ఒకటుంది. పైపైన చూస్తే ఇల్లు సర్దుకోమని చెప్పే పెద్దల మాటలా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే ఒక్కొక్క నియమం వెనక ఒక్కొక్క తప్పు పొంచి ఉంటుంది. ఆ నియమాలను పనితనంగా చూసి మెచ్చుకోవడానికే ఈ పరిచయం. ఆర్ కోడ్‌ను మామూలుగా రోమన్ అక్షరాల్లోనే రాస్తారు. చదువుకోవడానికి వీలుగా ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను.

ఫ్రీజర్‌ను ఊరికే ఎంచుకోలేదు. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే వచ్చే జీనోమ్ వ్యాలీలో పనంతా ఫ్రీజర్లతో, కొలతలతో, పట్టికలతో. 1999లో రూపుకట్టిన ఈ ప్రాంతంలోనే భారత్ బయోటెక్ ఉంది. ఆ సంస్థ కొవిడ్ టీకా కొవాగ్జిన్ మూడో దశ ట్రయల్‌లో 25,798 మంది పాల్గొన్నారు. ఆ ఫలితాలు 2021 నవంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అదే నెలలో ఆర్ కన్సార్షియం అనే సంస్థ, ఆర్‌లో రాసిన లెక్కలను మందుల అనుమతి కోసం పంపితే ఎలా ఉంటుందో చూడటానికి ఒక నమూనా దరఖాస్తును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు పంపింది. అంతవరకూ ఆ రంగంలో గణాంక సాఫ్ట్‌వేర్ సాస్‌దే రాజ్యం. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ లెక్కలు కట్టే స్టాటిస్టికల్ ప్రోగ్రామర్లు సాస్‌తో పాటు ఇప్పుడు ఆర్ కూడా నేర్చుకుంటున్నారు. వాళ్ల పనిలో ఒకరు రాసిన పట్టికను మరొకరు విడిగా రాసి సరిచూడటం ఆనవాయితీ. ‘క్యూసీ అయిందా?’ అన్నది ఆఫీసులో రోజూ వినిపించే మాట. అంటే అక్కడ కోడ్‌కు మొదటిరోజు నుంచే ఇంకో మనిషి చదువరిగా ఉంటాడు. శైలి నియమాలు పుట్టింది ఆ చదువరి కోసమే.

ఆర్ తల్లి పేరు ఎస్. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్, ఆయన సహచరులు దాన్ని మొదలుపెట్టారు. 1990ల తొలినాళ్లలో న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆ ఒరవడిలోనే ఆర్‌ను తయారు చేశారు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా కొత్త ప్యాకేజీ చేర్చవచ్చు. క్రాన్ అనే భాండాగారంలో ఇప్పుడు 20 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఇన్ని చేతులు పడ్డ భాషలో ఒక్కో చేయి ఒక్కో రకంగా రాయడం సహజం. రాస్మస్ బోత్ అనే పరిశోధకుడు 2012లో ఆర్ జర్నల్‌లో ఈ సంగతే వివరంగా చూపించాడు. క్రాన్‌లోని పేర్లలో ఏ ఒక్క పద్ధతీ రాజ్యమేలడం లేదని తేల్చాడు.

అంతదాకా వెళ్లనక్కర్లేదు, ఆర్ సొంత ఇంట్లోనే చూడండి. ఫైలు చదివే ఫంక్షన్ ‘రీడ్.సీఎస్‌వీ’, మధ్యలో చుక్క. నిలువు వరసల సగటు ‘కోల్‌మీన్స్’, మధ్యలో పెద్ద అక్షరం. అంకెల వరస ఇచ్చేది ‘సీక్_అలాంగ్’, మధ్యలో అండర్‌స్కోర్. ‘రోనేమ్స్’ ఉంది, దాని పక్కనే చుక్క పెట్టుకున్న ‘రో.నేమ్స్’ కూడా ఉంది. రెండూ వేర్వేరు ఫంక్షన్లు.

ఈ చుక్కల వెనక ఒక పాత కథ ఉంది. 1963 నాటి ఆస్కీ అక్షరాల పట్టికలో ఇప్పుడు అండర్‌స్కోర్ ఉన్న స్థానంలో ఎడమ బాణం ఉండేది. 1967లో బాణం పోయి అండర్‌స్కోర్ వచ్చింది. ఎస్ భాషలో మాత్రం ఆ గుర్తు బాణం పనే చేస్తూ పోయింది. అంటే అండర్‌స్కోర్ కొడితే ‘ఈ పేరులో ఈ విలువ పెట్టు’ అని అర్థం. కాబట్టి పేర్లలో దాన్ని వాడే వీలు లేదు, రెండు మాటలు కలపాలంటే చుక్కే దిక్కు. ఆర్ ఈ అలవాటును వదిలించుకుని పేర్లలోకి అండర్‌స్కోర్‌ను రానిచ్చింది 2004లో వచ్చిన 1.9.0 వెర్షన్ నుంచి. అప్పటికే చుక్కల పేర్లు వేళ్లూనుకున్నాయి.

చుక్క ఉంటే ఏం పోయింది? ఆర్‌లో చుక్కకు ఇంకో పని కూడా ఉంది. ‘ప్రింట్.డేటా.ఫ్రేమ్’ లాంటి పేరులో మొదటి చుక్కకు ముందున్నది చేయాల్సిన పని, తర్వాతిది ఏ రకం వస్తువు మీద చేయాలో చెప్పే గుర్తు. మరి ‘టీ.టెస్ట్’ సంగతేమిటి? అది స్టాటిస్టిక్స్ చదివినవాళ్లందరికీ తెలిసిన టీ-పరీక్ష. కానీ ఆర్‌లో ‘టీ’ అనే వేరే ఫంక్షన్ ఉంది. అది పట్టికను అడ్డం నిలువుగా తిప్పుతుంది. పేరు చూసి ‘టెస్ట్ రకం వస్తువును అడ్డం తిప్పేది కాబోలు’ అని ఎవరైనా అనుకుంటే తప్పు వాళ్లది కాదు. అందుకే టైడీవర్స్ గైడ్ చుక్కను ఆ ఒక్క పనికే వదిలేసి, పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో రాయమంటుంది.

ఈ నియమం విలువ శామీర్‌పేట ఉన్న జిల్లా పేరుతోనే తేలిపోతుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లా మేడ్చల్-మల్కాజిగిరి. నడుమ అడ్డగీత. జిల్లాలవారీ పట్టికలో ఈ పేరు ఒక నిలువు వరసకు తలకట్టుగా వచ్చిందనుకోండి. ఆర్‌లో దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే ‘మేడ్చల్ లోంచి మల్కాజిగిరిని తీసెయ్’ అని అర్థం. కలిపి పుట్టిన జిల్లా తీసివేత లెక్కయి కూర్చుంటుంది. రీడ్.సీఎస్‌వీ ఈ ప్రమాదాన్ని ముందే చూసి అడ్డగీతను తీసేసి చుక్క పెడుతుంది: మేడ్చల్.మల్కాజిగిరి. మంచి ఉద్దేశమే. కానీ అది అడగకుండానే పేరు మార్చేసింది. తర్వాత ఇంకో ఫైలులోని అడ్డగీత పేరుతో జతచేయబోతే రెండూ కలవవు. శామీర్‌పేటదీ అదే కథ. శామీర్‌పేట, షామీర్‌పేట్, శామీర్‌పేట్ అని బోర్డుకో రకంగా రాసినా మనకు ఊరు ఒక్కటే. ఆర్‌కు అవి మూడు ఊళ్లు. పట్టిక చేతికి రాగానే మొదటి పనిగా పేర్లన్నిటినీ ఒక్క తీరుకు తెచ్చే ప్రోగ్రామర్ ఈ చిక్కును గుమ్మంలోనే ఆపేస్తాడు.

జన్యుశాస్త్రంలో అయితే పేరు కోసం శాస్త్రమే దిగివచ్చింది. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలనుకుని మార్చేస్తుండటంతో 2020లో నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చింది. జీనోమ్ వ్యాలీలో పనిచేసేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉండదు. పేరును మనిషితో పాటు యంత్రమూ చదువుతుందన్న ఎరుకే పేర్లు పెట్టే విద్యకు మొదటి మెట్టు.

ఇక వరస లోపలి పనితనం. కొవాగ్జిన్ ట్రయల్‌లో, అప్పటికి కొవిడ్ యాంటీబాడీలు లేనివారిలో, టీకా వేసుకున్న 8,471 మందికి గాను 24 మందికి లక్షణాలతో జబ్బు వచ్చింది. ఉత్తుత్తి టీకా (ప్లాసిబో) వేసుకున్న 8,502 మందిలో 106 మందికి వచ్చింది. టీకా సామర్థ్యాన్ని ఒక వరసలో ఇలా రాయవచ్చు:

1-(24/8471)/(106/8502)

ఆర్ చప్పున ఇచ్చే జవాబును గుండ్రం చేస్తే 0.773. జవాబు సరైనదే. కానీ చదివేవాడికి 24 ఎవరు, 106 ఎవరు? గైడ్ పద్ధతిలో ఇలా అవుతుంది:

టీకా_రేటు <- 24 / 8471
ప్లాసిబో_రేటు <- 106 / 8502
సామర్థ్యం <- 1 - టీకా_రేటు / ప్లాసిబో_రేటు

ఒక్క అంకె కూడా మారలేదు. మూడో వరసను గణితం రానివారు కూడా పైకి చదవగలరు. టీకా జట్టు రేటును రెండో జట్టు రేటుతో భాగించి ఒకటిలోంచి తీసేశారు. లాన్సెట్‌లో అచ్చయినది 77.8 శాతం, మన లెక్కకు వచ్చింది 77.3. ఇలాంటి ట్రయల్స్‌లో తలలతో పాటు ఒక్కొక్కరిని ఎంతకాలం పరిశీలించారో కూడా చూస్తారు కాబట్టి సూటి భాగహారానికి కొద్దిగా తేడా వస్తుంది. ఇక్కడ చూడాల్సింది ఇంకొకటి: మూడు వరసలుగా విడదీసి రాయగానే ఆ తేడా ఏ వరసల్లో పుడుతుందో వేలు పెట్టి చూపించవచ్చు. హారంలో 8471, 8502 ఉన్న చోట్ల మనుషుల సంఖ్యకు బదులు కాలం రావాలి. ఒకే వరసగా కుక్కిన కోడ్‌లో వేలు పెట్టడానికి చోటే లేదు.

తాళపత్రాల మీద తెలుగు రాసిన రోజుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండేది కాదు. చదివేవాడు గొంతెత్తి చదువుతూ, అర్థాన్ని బట్టి మాటలు విడదీసుకునేవాడు. అచ్చు వచ్చాక ఖాళీలూ విరామ చిహ్నాలూ వచ్చాయి, కంటితోనే చదవడం సులువైంది. యంత్రం ఇప్పటికీ తాళపత్రమైనా చదవగలదు. శైలి నియమాలు కోడ్‌ను అచ్చు పుస్తకంగా మార్చాయి.

బాణం గురించి ఇంకో మాట. 2001 చివర్లో వచ్చిన 1.4.0 వెర్షన్ నుంచి ఆర్‌లో ‘=’ తో కూడా పేరులో విలువ పెట్టవచ్చు. మిగతా భాషల నుంచి వచ్చినవాళ్లకు అదే అలవాటు. అయినా గైడ్ బాణమే వాడమంటుంది. ఫంక్షన్ బ్రాకెట్ల లోపల ‘=’ పని వేరు: ‘ఫంక్షన్‌లో ఫలానా పేరున్న గదిలో ఇది వెయ్యి’ అని చెప్పడం. రెండు పనులకు రెండు గుర్తులుంటే చదివే కన్ను తడబడదు.

ఆ గదుల పేర్లు రాయడంలోనూ ఒక మర్యాద ఉంది. ‘సమ్(5, 7, 9)’ అంటే 21 వస్తుంది. ‘మీన్(5, 7, 9)’ అంటే సగటు 7 వస్తుందనుకుంటాం. వచ్చేది 5. ఎందుకంటే మీన్ మొదటి అంకెనే డేటాగా తీసుకుంటుంది. 7, 9 వేరే గదుల్లో పడిపోతాయి. ఇక్కడా చప్పుడు లేదు. అందుకే డేటాకు పేరు అక్కర్లేదు గానీ మిగతా గదులకు పూర్తి పేరు రాయాలంటుంది గైడ్. పొట్టి పేరు రాసినా ఆర్ చాలాసార్లు పోల్చుకుంటుంది, కానీ చదివే మనిషి పోల్చుకోలేడు. ఈ నియమం పాటించి రాసిన ఒక వరస చూడండి:

అనోవా(నమూనా, టెస్ట్ = "రావ్")

కొటేషన్ల మధ్య ఉన్నది మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారే. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1948లో స్కోర్ పరీక్షను కనిపెట్టారు. ఆయన పేరు మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఒక సంస్థ ఉంది. అనోవాలో ఆయన పరీక్ష కావాలంటే ప్రపంచంలో ఏ మూలనున్న ప్రోగ్రామరైనా ఆర్‌లో ఆయన పేరే టైపు చేయాలి. ‘టెస్ట్ =’ అని గది పేరు రాసి ఉండబట్టే ఆ మాట ఒక పరీక్ష పేరని కొత్తవాడికీ తెలుస్తుంది.

అలాగే ‘నిజం’ అనడానికి ఆర్‌లో ‘ట్రూ’ అని పూర్తిగా రాయవచ్చు, ‘టి’ అని ఒక్క పెద్దక్షరమూ రాయవచ్చు. గైడ్ పూర్తి మాటే రాయమంటుంది. ‘ట్రూ’ను ఎవరూ మార్చలేరు. ‘టి’ మామూలు పేరు, దానిలో ఎవరైనా ఏదైనా పెట్టవచ్చు. ఉష్ణోగ్రతకు ఇంగ్లీషులో మొదటి అక్షరం కూడా అదే. ఫ్రీజర్ లెక్కల మధ్య ఎవరో ‘టి <- 0’ అని రాశారంటే, ఆ కింద ‘టి’ అని రాసిన ప్రతి ‘నిజమూ’ అబద్ధమైపోతుంది.

మీసాల బ్రాకెట్ల నియమం చాలామందికి చాదస్తంలా అనిపిస్తుంది. ‘ఎల్స్’ అనే మాట, ముందున్న మూసే బ్రాకెట్ ఉన్న వరసలోనే ఉండాలట. ఆర్‌లో దీనికి బలమైన కారణం ఉంది. బ్రాకెట్ మూసి వరస ముగియగానే, ఫంక్షన్ బయట ఉన్న కోడ్‌లో ఆర్ ‘వాక్యం అయిపోయింది’ అనుకుని ఆ పని చేసేస్తుంది. తర్వాతి వరసలో ‘ఎల్స్’ ఒంటరిగా వస్తే, ఇదెవరని తప్పు చూపిస్తుంది. ఈ నియమం లేకుండా రాసినవాడు ఒకనాడు ఫంక్షన్ లోపల పనిచేసిన కోడ్‌ను బయటికి తెచ్చి రాసుకుని తల పట్టుకుంటాడు.

అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది పైపు గుర్తు, ‘|>’. 2014లో మాగ్రిటర్ అనే ప్యాకేజీతో ఈ ఆలోచన ఆర్‌లో ప్రాచుర్యంలోకి వచ్చింది. 2021 మేలో వచ్చిన 4.1.0 నుంచి ఆర్‌కే సొంత గుర్తు అమరింది. అంతకుముందు పనులను ఒకదానిలో ఒకటి దూర్చి రాసేవారు, లోపలి బ్రాకెట్ నుంచి బయటికి చదువుకోవాల్సి వచ్చేది. పైపుతో ఇలా ఉంటుంది:

పాల్గొన్నవారు |>
  ఫిల్టర్(యాంటీబాడీ == "లేదు") |>
  గ్రూప్_బై(జట్టు) |>
  సమ్మరైజ్(కేసులు = సమ్(జబ్బు))

పైపు ఎప్పుడూ వరస చివర్లో ఉండాలి, దాని ముందు ఒక ఖాళీ, తర్వాతి పని కొత్త వరసలో రెండు ఖాళీలు లోపలికి. ఒక వరసకు ఒక పని. పాల్గొన్నవారిని తీసుకుని, యాంటీబాడీలు లేనివారిని ఏరి, జట్లుగా విడదీసి, కేసులు కూడటం. తీసుకుని, ఏరి, విడదీసి అంటూ పనులను జరిగిన వరసలోనే చెప్పుకుంటూ పోయి చివర్లో ముగించే తెలుగు వాక్యానికి ఈ కోడ్ ఎంత దగ్గరో చూడండి. నడుమ ఒక వరస తీసేసి చూడాలన్నా, ఇంకోటి చేర్చాలన్నా మిగతావి కదలవు. క్యూసీ చేసేవాళ్లకు ఇదే పెద్ద వరం.

కామెంట్ల విషయంలో గైడ్ సలహా పొదుపుగా ఉంటుంది: కోడ్ ఏం చేస్తోందో కోడే చెబుతుంది, ఎందుకు చేస్తోందో కామెంట్‌లో రాయండి. ‘యాంటీబాడీ లేనివారిని ఏరుతున్నాం’ అన్న కామెంట్ వృథా, అది పక్కనే కనిపిస్తోంది. ‘ముందే కొవిడ్ వచ్చిపోయినవారిని కలిపితే టీకా ప్రభావం తేలదు’ అన్నది పనికొచ్చే కామెంట్. ఆరునెలల తర్వాత ఆ వరసను తీసేయబోయిన చేయిని అదే ఆపుతుంది.

ఈ గైడ్‌ను రాసింది హాడ్లీ విక్‌హామ్. న్యూజీలాండ్‌వాడు, టైడీవర్స్ ప్యాకేజీల రూపకర్త. ఆయన మాటే వేదమని ఎవరూ అనరు. గూగుల్ సొంత గైడ్ దీన్నే తీసుకుని కొన్ని చోట్ల దారి మార్చింది. ఫంక్షన్ పేర్లలో ప్రతి మాటకూ పెద్ద అక్షరం కావాలంది, ఫలితాన్ని ‘రిటర్న్’ అని నోటితో చెప్పి మరీ ఇవ్వాలంది. జన్యు సమాచారం కోసం జెంటిల్‌మన్ మొదలుపెట్టిన బయోకండక్టర్‌లో రెండు ఖాళీలకు బదులు నాలుగు, అండర్‌స్కోర్‌కు బదులు మధ్యలో పెద్ద అక్షరం. రెండా నాలుగా అన్నదానికి లోకంలో సరైన జవాబు లేదు. ఒక జట్టులో అందరూ ఒక్కటే పాటించడమే ముఖ్యం. ఆ పోట్లాటలు తీర్చడానికి పనిముట్లు కూడా వచ్చాయి. ‘స్టైలర్’ ఖాళీలూ బ్రాకెట్లూ తనంతట సర్దుతుంది. ‘లింటర్’ అనుమానమున్న వరసలను వేలెత్తి చూపుతుంది. వాటిలో ఒకటి చెప్పాలి. దుష్ప్రభావాల జాబితాలోని ఒక్కో అంశాన్నీ చూడటానికి చాలామంది ‘1 నుంచి పొడవు దాకా’ అని రాస్తారు. దుష్ప్రభావాలు ఒక్కటీ లేకపోతే పొడవు సున్నా. అప్పుడు ఆర్ 1 నుంచి 0 దాకా వెనక్కి లెక్కపెట్టి, లేని అంశాన్ని రెండుసార్లు చూస్తుంది. దాని బదులు సీక్_అలాంగ్ వాడితే పని లేనప్పుడు ఊరుకుంటుంది. లింటర్ ఈ తప్పును కనిపించగానే పట్టేస్తుంది.

శైలి బాగుంటే లెక్క బాగున్నట్టేనా? కాదు. అందంగా రాసిన తప్పులూ ఉంటాయి. కానీ శైలి లేని చోట తప్పు ఎంతకాలం దాక్కుంటుందో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ఉదంతం చెబుతుంది. రోగి కణితిలోని జన్యువులను బట్టి ఏ కీమో మందు పనిచేస్తుందో చెప్పగలమని 2006లో అక్కడి బృందం ప్రకటించింది. 2007 నుంచి దాని ఆధారంగా రోగులపై ట్రయల్స్ మొదలయ్యాయి. ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలోని కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ ఆ లెక్కలను మళ్లీ కట్టి చూశారు. జన్యువుల జాబితా ఒక వరస కిందికి జారి ఉంది. మందుకు లొంగేవి, లొంగనివి అన్న గుర్తులు కొన్నిచోట్ల తారుమారయ్యాయి. మామూలు తప్పులే, కానీ అరకొర వివరాల చాటున ఉండటం వల్ల వాటిని తవ్వి తీయడానికి ఆ ఇద్దరూ ఏళ్ల తరబడి కష్టపడ్డారు. 2009లో తమ వ్యాసం అచ్చువేశారు. 2010లో ట్రయల్స్ ఆగాయి, 2011లో అసలు వ్యాసం వెనక్కి తీసుకున్నారు. 0, 1 అని రాసిన చోట ‘లొంగుతుంది’, ‘లొంగదు’ అని పేర్లుండి ఉంటే ఆ తారుమారు ఇంకెంతో ముందే కంటపడేది.

మేడ్చల్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో, శామీర్‌పేట దగ్గరి బిట్స్ ప్రాంగణంలో ఆర్ నేర్చుకునే కుర్రవాళ్లు మొదటి ఏడాదే ఈ నియమాలు కంఠస్థం చేయనక్కర్లేదు. స్పేస్‌లూ బ్రాకెట్లూ స్టైలర్‌కు వదిలేయవచ్చు, లింటర్ చూపినవి దిద్దుకోవచ్చు. ఆ రెండూ చేయలేనివి రెండు మిగులుతాయి: పేరు పెట్టడం, ఎందుకో చెప్పడం. ‘డీఎఫ్2’ అనే పేరుకు లింటర్ అభ్యంతరం చెప్పదు. ‘యాంటీబాడీ_లేనివారు’ అని పెట్టాలంటే ఆ పట్టికలో ఎవరున్నారో రాసేవాడికి తెలిసి ఉండాలి. పేరు తోచకపోతే చాలాసార్లు లెక్కే ఇంకా అర్థం కాలేదని గుర్తు. అక్కడ టైపు చేయడం ఆపి ప్రొటోకాల్ మళ్లీ చదువుకోవడం మేలు.